తూముల్లేని రోడ్డుకి మా అత్తయ్య పేరు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో అందింది. ఏలూరు ఆసుపత్రి నుంచి మా బావ ఫోన్ చేసి, "అమ్మ వెళ్ళిపోయిందిరా" అన్నాడు. కొట్టు మూసి బస్సెక్కాను. నేను అత్తయ్య ఊరు చేరేసరికే సెంటర్లో ఆవిడ ఫ్లెక్సీ వెలిసింది. మధ్యలో దణ్ణం పెడుతూ ఆవిడ, చుట్టూ బతికుండగా ఆవిడ మాట ఒక్కటీ చెవిన పెట్టని పెద్దమనుషులు. ఏడుపు రావాల్సిన చోట నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టి, సంతాపం పద్ధతిగా రాయలేకపోతే పాఠకులు మన్నించాలి.

అత్తయ్యది కొల్లేటి అంచున ఒక పల్లె. సీటు ఆడవాళ్ళకు వచ్చిందని ఆవిణ్ణి మండల పరిషత్తుకు నిలబెట్టారు. గెలిచాక మామయ్య వెళ్ళి కూర్చుంటాడని అందరూ అనుకున్నారు. మొదటి సమావేశానికి ఆవిడే వెళ్ళింది. "మీవారు రాలేదాండీ?" అని ఎవరో అడిగితే, "వారికెవరూ ఓటెయ్యలేదండీ" అని కుర్చీ లాక్కుని కూర్చుందట. ఈ సంగతి మామయ్యే నవ్వుతూ చెప్పేవాడు. అత్తయ్య గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. కోపం పెరిగేకొద్దీ ఆవిడ మాటల్లో అండీలు పెరిగేవి. అది తెలిసినవాళ్ళు అండీలు ఎక్కువైతే మెల్లగా జారుకునేవారు.

నేను ఏలూరులో చదువుకుంటున్నప్పుడు ఆ పల్లెలో ఆవిడ ఇంట్లోనే ఉండి రోజూ వెళ్ళివచ్చేవాణ్ణి. పరిషత్తులో పోరాడి ఊరికి బస్సు వేయించింది. జనం ఎక్కడం లేదని దాన్ని మళ్ళీ ఎక్కడ తీసేస్తారోనని, పనున్నా లేకపోయినా శుక్రవారం శుక్రవారం టిక్కెట్టు కొనుక్కుని ఏలూరు వెళ్ళి వచ్చేది. దారిలో కనబడ్డవాళ్ళనల్లా పిలిచి ఎక్కించేది. నాకు సైకిలు ఉన్నా తొక్కనిచ్చేది కాదు. ఊరి పని అంటే ఏమిటో నేను ఆ బస్సులో కూర్చునే తెలుసుకున్నాను, ఆవిడ రుణం నేను ఏనాటికీ తీర్చుకోలేను.

మండల పరిషత్తు ఏం చేస్తుందో నాకు చెప్పిందీ ఆవిడే. మంచినీళ్ళు, రోడ్లు, సామాజిక భవనాలు, కాలవల్లో గుర్రపుడెక్క తీయించడం. గుర్రపుడెక్క ఏటా తీయిస్తారు. ఈ ఊరి కాలవలోంచి లాగి కింది ఊరి కాలవలోకి తోస్తారు, వచ్చే సమావేశంలో కింది ఊరి మెంబరు లేచి అరుస్తాడు. పర్యావరణం అన్న పేరు కింద జరిగేది అంతే.

సమావేశం రోజున భోజనాలు ఒక్కో మెంబరు వంతు. చేపల చెరువులున్నవాళ్ళ వంతు వచ్చిందంటే కొరమీను పులుసు. పేచీ వస్తుందనుకున్న తీర్మానాలను సరిగ్గా ఆకులు వేసే వేళకు చదివేవారు. అందరూ లేస్తూ లేస్తూ "ఆమోదం" అనేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళేవారు. అది కనిపెట్టిన దగ్గర్నుంచి అత్తయ్య ఇంటి నుంచి క్యారేజీ పట్టుకెళ్ళేది. గోంగూర పచ్చడి, పెరుగన్నం. "వాళ్ళ పులుసు తింటే వాళ్ళ తీర్మానం కూడా మింగాలి కదరా అబ్బాయ్" అనేది.

కొల్లేట్లోని లంక ఊరికి రోడ్డు కావాలని మొదట అడిగింది ఆవిడే. నొప్పులొచ్చిన ఆడమనిషిని కూడా పడవలో తేవాల్సి వచ్చేది మరి. రోడ్డు మంజూరైంది. ప్లానులో రోడ్డు కింద నీళ్ళు పోవడానికి తూములు కూడా చూపించారు. ఆ రోడ్డుకి పై వైపు వరిచేలు, కూలీల పేట. కింది వైపు చేపల చెరువులు, వాటి వెనక కొల్లేరు. తూములుంటే వాననీళ్ళు చెరువుల మీదుగా కొల్లేట్లోకి పోతాయి, చేపలు కొట్టుకుపోతాయి. లేకపోతే ఆ రోడ్డే చెరువులకి గట్టు, అదీ సర్కారు ఖర్చుతో. తూములు ఎత్తేసే తీర్మానం కొరమీను పులుసు రోజునే వచ్చింది.

అత్తయ్య లేచి నిలబడింది. "దారి మనుషులకే కాదండీ, నీళ్ళకీ కావాలండీ. దీనికి ఓటింగు పెట్టండి" అంది. భోంచేసి వచ్చి మాట్లాడుకుందామన్నాడు ప్రెసిడెంటు. భోంచేసి ఎవరూ రాలేదు. అటెండరు తాళాలు తెచ్చేదాకా ఆవిడ ఖాళీ కుర్చీల మధ్య క్యారేజీ మూత తియ్యకుండా కూర్చుంది. తీర్మానం ఏకగ్రీవం అని రాసుకున్నారు. సిగ్గులేని మనుషులు.

రోడ్డు పడ్డాక మొదటి వానలకే పేట ఇళ్ళల్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. పేటవాళ్ళు తిట్టింది చెరువులవాళ్ళని కాదు, రోడ్డు తెచ్చిన మెంబరుగారిని. ఒకామె తడిసిన బియ్యం తెచ్చి అత్తయ్య గుమ్మంలో కుమ్మరించి వెళ్ళిపోయింది. అత్తయ్య ఆ బియ్యం ఎత్తి, ఆరబోసి, ముక్కవాసన కొడుతున్నా వండుకుని తనే తింది. నేను పోట్లాడటానికి బయల్దేరితే ఆపింది. "తిట్టనీరా. నేను తప్ప వాళ్ళకి ఇంకెవరు దొరుకుతారు?"

కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టెయ్యడానికి సర్కారు యంత్రాలు దించిన ఏడు, ఆవిడ పొద్దున్నే వెళ్ళి ఆ రోడ్డు మీద నిలబడింది. మిగతా గట్లన్నీ కొట్టారు, దీన్ని ముట్టుకోలేదు. గట్టయితే కొట్టేవాళ్ళమని, ఇది రోడ్డని చెప్పాడట ఆఫీసరు. కొట్టిన గట్లను చెరువులవాళ్ళు మెల్లిగా మళ్ళీ పోసుకున్నారు. ఇది చెప్పి అత్తయ్య నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. పదవి పోయాక కూడా ప్రతి వానాకాలం ఎవరో ఒక ఇంజనీరుగారిని బతిమాలి తీసుకెళ్ళి ఆ రోడ్డు మీద నిలబెట్టేది. ఆయన ఎడమవైపు పేటలో నిలిచిన నీళ్ళు, కుడివైపు చెక్కుచెదరని చెరువులు చూసి, నిజమేనండీ అని ఒప్పుకుని జీపెక్కేవాడు.

అలాంటి రోడ్డుకి ఆవిడ పేరు పెడతామని సంతాపసభలో ప్రకటించారు. తూములు వేశాక పెట్టండి, అప్పటిదాకా వద్దని మా బావ చేతులు జోడించి చెప్పాడు. ఇలాంటప్పుడు ఆ మాటలెందుకండీ అని ఆయన్నే సముదాయించారు. దినకార్యం కాకముందే బోర్డు పాతేశారు. మనిషిని బతికుండగా ఓడించింది చాలక, చచ్చాక తమ తప్పుకి కాపలా పెట్టుకున్నారు.

మొన్నటి వానకు పేట మళ్ళీ మునిగింది. ఈసారి పేటవాళ్ళు ఎవర్నీ తిట్టలేదు. పలుగులూ పారలూ తెచ్చి పట్టపగలే రోడ్డుకి గండి కొట్టారు. వెంటనే వాళ్ళమీద కేసు పెట్టారు. పాడుచేసిన రోడ్డు పేరు చెప్పాలి కదా, మా అత్తయ్య పేరు చెప్పారు. ఏ పేట మునుగుతుందని ఆవిడ ఇన్నేళ్ళు మొత్తుకుందో, ఆ పేట మీదే ఆవిడ పేరుతో కేసు.

నేను పరుగున వెళ్ళేసరికి గండి పూడ్చడానికి పొక్లెయిను వచ్చి ఉంది. పేట ఆడవాళ్ళు గండిలోకి దిగి, చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. పైకి రమ్మని డ్రైవరు కేకేశాడు. వాళ్ళలో పెద్దామె తలెత్తి, "ఇది మెంబరుగారు అడిగిన తూమండీ. ఆవిడ లేరు కదండీ, మేమే వేసుకున్నాం. పూడిస్తే మమ్మల్ని కూడా కలిపి పూడ్చెయ్యండి" అంది.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆ మోత ఆగాక నీళ్ళ చప్పుడు వినబడింది. ఇన్నాళ్ళూ పేటలో నిలిచిన బురదనీళ్ళు వాళ్ళ నడుములను ఒరుసుకుంటూ కొల్లేటి వైపు పోతున్నాయి.