మ్యాచ్ లేని శనివారం

థాంక్స్‌గివింగ్ మర్నాడు పొద్దున్న, జనమంతా డిస్కౌంట్ల కోసం షాపుల మీద పడే ఆ శుక్రవారం, దుప్పట్లోంచి కాలు బయటపెట్టాలా వద్దా అని నేను ఆలోచిస్తుండగా ఫోన్ టింగుమంది. చూస్తే ‘పప్పు నానబెట్టాలి, రేపు బావల మ్యాచ్’ అని ఉంది. మా అమ్మాయి హైస్కూల్లో ఉన్నప్పుడు నా మతిమరుపు భరించలేక పెట్టిన రిమైండర్ అది. ఏటా ఇదే శుక్రవారం మోగేలా పెట్టేసి తను కాలేజీకి వెళ్ళిపోయింది. బావల మ్యాచ్ అనేది ఇప్పుడు లేదు. టీవీ కంపెనీలవాళ్ళూ కాలేజీల పెద్దలూ ఎక్కడో ఓ గదిలో కూర్చుని దాన్ని లేకుండా చేసేశారు. ఆ సంగతి ఈ ఫోన్‌కి ఎవరూ చెప్పలేదు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఎప్పట్లాగే ఒళ్ళు మండింది.

బావలంటే ఒకరు మావారు, ఇంకొకరు మా అన్నయ్య. ఇద్దరూ ఇంచుమించు ఒకే కాలంలో ఎమ్మెస్ చేయడానికి వచ్చి, పడమటి తీరంలో ఒకే రాష్ట్రంలో దిగారు. మావారిది సిటీలో పెద్ద యూనివర్సిటీ, నీలం చొక్కా. అన్నయ్యది పొలాల మధ్య చిన్న ఊళ్ళో ఉన్న యూనివర్సిటీ, మెరూన్ చొక్కా. పేర్లు చెప్పను. చెబితే చదివేవాళ్ళలో సగంమంది ఇక్కడే పేజీ మూసేస్తారు. ఆ రెండు కాలేజీల ఫుట్‌బాల్ మ్యాచ్ ముత్తాతల కాలం నుంచీ నవంబర్ చివరి శనివారాల్లో జరిగేది. ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఆటే అనుకుని, స్టూడెంట్లకి టికెట్ ఫ్రీ అంటే అన్నయ్య మొదటిసారి వెళ్ళాడట. కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ అని అర్థమయ్యేసరికి సగం ఆట అయిపోయింది. మిగతా సగంలో పట్టిన పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. మావారి కథా అంతే. మా పెద్దవాళ్ళు జాతకాలు చూశారుగానీ ఈ సంగతి పట్టించుకోలేదు. పెళ్ళిచూపుల రోజు మాత్రం అన్నయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, “వీడు నీలంగాడే. బాగా ఆలోచించుకో” అన్నాడు.

పెళ్ళయిన మొదటి ఏడే పందెం పుట్టింది. ఎవరి కాలేజీ ఓడితే వాళ్ళు ఆ సాయంత్రం గెలిచినవాళ్ళ ఇంటికి వెళ్ళి, గెలిచినవాళ్ళ కాలేజీ చొక్కా తొడుక్కుని, పెనం ముందు నిలబడి అందరికీ దోసెలు వేయాలి. గెలిచినవాడు కుర్చీలో జారగిలబడి “ఇంకోటి, ఈసారి పల్చగా” అంటుంటాడు. మేం ఫ్రీమాంట్‌లో, వాళ్ళు సన్నీవేల్‌లో. ట్రాఫిక్ లేకపోతే అరగంట దారి. ఆడవాళ్ళని కష్టపెట్టని పందెమని ఇద్దరూ గొప్పలు చెప్పుకునేవారు. ఎవరు ఓడినా పప్పు నానబెట్టేదీ రుబ్బేదీ నేనే. నవంబర్ చలికి పిండి పులవకపోతే అవెన్‌లో లైటు వేసి, అందులో గిన్నె పెట్టి కాపలా కాసేదీ నేనే. ఇన్నేళ్ళలో ఒక్క రిఫరీ కూడా ఈ ఫౌల్ గమనించలేదు. మావారు వేసిన దోసె ఏ రాష్ట్రం మ్యాపులా ఉందో పిల్లలు కనిపెట్టేవారు. అన్నయ్య వేస్తే గుండ్రంగా, అంచులు వాటంతటవే లేచేవి. అందుకని తోడబుట్టినవాడని కూడా చూడకుండా మా అన్నయ్యే ఓడాలని మొక్కుకునేదాన్ని.

కొన్నేళ్ళ కిందట అన్నయ్యకి లేఆఫ్ అయింది. గ్రీన్ కార్డ్ లైన్‌లో తల నెరిసేదాకా నిలబడినా అది చేతికి రాలేదు. త్వరగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే, స్కూల్ మధ్యలో పిల్లల్ని లేపి పెట్టేబేడా సర్దుకోవాలి. సరిగ్గా అప్పుడే శాంటా క్లారాలో మావారి ఆఫీస్‌లో ఓ పొజిషన్ ఓపెన్ అయింది. అన్నయ్య అప్లై చేశాడు. మావారు బంధుత్వం సంగతి ఆఫీస్‌లో చెప్పేసి, ఇంటర్వ్యూ ప్యానెల్ నుంచి తప్పుకున్నారు. అది రూల్. రూల్ తప్పమని నేనూ అనను. కానీ తప్పుకున్న మనిషి ఆ సాయంత్రం ఫోన్ చేసి, ‘ఇదీ సంగతి బావా, నా చేతుల్లో లేదు’ అని ఒక్క మాట చెప్పొచ్చు కదా! చెప్పలేదు. తన మీద ఆశ పెట్టుకున్న మనిషికి ఎలా చెప్పాలో తెలియక ఈ రోజూ రేపూ అని జరిపారు. ఉద్యోగం వేరేవాళ్ళకి వెళ్ళిందని, మావారు మొదట్లోనే పక్కకి జరిగారని అన్నయ్య బయటివాళ్ళ నోట విన్నాడు. ఆఖరి నిమిషంలో ఇంకో కంపెనీలో ఉద్యోగం దొరికింది, దేశం వదలక్కర్లేకపోయింది. కానీ ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. గట్టిగా అరుచుకున్నా బావుండేది. అదీ లేదు. పండగలకి పిలిస్తే అన్నయ్య రాడు, పుట్టినరోజులకి రాడు. ఆ ఒక్క శనివారం మాత్రం గెలిచినా ఓడినా ఇద్దరూ ఒక ఇంట్లో ఉండేవారు. పందెం పందెమే. వాళ్ళని కలిపి ఉంచడానికి నాకు మిగిలింది ఆ మ్యాచ్ ఒక్కటే.

దాన్ని కూడా లాగేసుకున్నారు. ఇక్కడ కాన్ఫరెన్స్ అంటే ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు. ఇరుగుపొరుగు ఊళ్ళు కాబట్టే ఆ పోటీకి అంత ఉప్పూకారం. టీవీ కంపెనీలు ఎక్కువ డబ్బు చూపించేసరికి, మావారి కాలేజీ తానున్న గుంపు వదిలేసి, కొండలూ ఎడారులూ దాటాక ఉండే కాలేజీల గుంపులో చేరిపోయింది. మా భూగోళం మాస్టారు చూస్తే బెత్తం తీసేవారు. దాని వెనకాలే తలో కాలేజీ తలో దిక్కుకి పోగా, అన్నయ్య కాలేజీని ఎవరూ పిలవలేదు. ఖాళీ అయిన గుంపులో బిక్కుబిక్కుమంటూ మిగిలింది. గుంపులు వేరైనా ఈ ఒక్క మ్యాచ్ ఆడుకోవచ్చు కదా అని జనం అడిగారు. డేట్లు కుదరడం లేదన్నారు. ముత్తాతల కాలం నుంచీ కుదిరిన డేటు ఇప్పుడెందుకు కుదరదో చెప్పిన పెద్దమనిషి ఒక్కడూ లేడు.

ఫుట్‌బాల్ వాళ్ళు చేసిన పనికి మిగతా ఆటల పిల్లలూ బలైపోయారు. నాతో వాకింగ్‌కి వచ్చే ఆవిడ కూతురు మావారి కాలేజీలోనే వాలీబాల్ ఆడుతుంది. ఇదివరకు బస్సులో వెళ్ళి ఆడి రాత్రికి హాస్టల్‌కి చేరేవాళ్ళు. ఇప్పుడు వారం మధ్యలో ఫ్లైట్ ఎక్కి దేశానికి ఆ చివరికి వెళుతున్నారు. “కెమిస్ట్రీ ఎగ్జామ్ ఎయిర్‌పోర్ట్‌లో కింద కూర్చుని రాసిందండీ! నేనడిగితే ‘ఇట్స్ ఫైన్ అమ్మా’ అంటుంది. ఫైనంట, ఫైను! కళ్ళకింద నలుపు నాకు కనబడట్లేదా?” అని ఆవిడ వాపోతుంది. చిన్నప్పటి నుంచీ ప్రాక్టీసులకి డ్రైవ్ చేసిన తల్లి ఆవిడ. ఈ ఏడాదితో పిల్ల ఆట మానేస్తానంటోందట.

చివరి మ్యాచ్ మావారి కాలేజీయే గెలిచింది. అన్నయ్య నీలం చొక్కా తొడుక్కుని మా ఇంట్లో పెనం ముందు నిలబడ్డాడు. గుంపు మారబోతోందని అప్పటికే తెలుసు. ఓ దోసె తిరగేస్తూ, ఎవరి వైపూ చూడకుండా, “పెద్దోళ్ళు పెద్ద క్లబ్‌లోకెళ్ళి తలుపేసేసుకుంటారు. మాలాంటోళ్ళం బయట నుంచుని బెల్ కొడతా ఉండాలి” అన్నాడు. అది కాలేజీల గురించి కాదని గదిలో అందరికీ తెలుసు. వాళ్ళు వెళ్ళాక మావారి మీద ఎంత అరిచానో నాకే గుర్తు లేదు.

ఆ తర్వాత ఏడాదంతా సన్నీవేల్ నుంచి ఫోన్ లేదు. నవంబర్ వచ్చింది. నేనే చేశాను. “మ్యాచే లేదుగా అమ్మలూ, ఇంకెందుకే రావడం?” అన్నాడు అన్నయ్య, చాలా మామూలుగా. ఇటు చూస్తే మావారు, “మ్యాచ్ లేకుండా పిలిస్తే వాడేమనుకుంటాడో” అని గొణిగారు. యాభై దాటిన ఇద్దరు మగవాళ్ళు కలిసి దోసె తినడానికి ఓ టీవీ కంపెనీ పర్మిషన్ కావాలా?

ఆ ఏడు కూడా శుక్రవారం ఈ రిమైండర్ మోగింది. కోపంగానే లేచి, కోపంగానే పప్పూ బియ్యం నానబోశాను. ఎవరు ఆడినా మానినా నా ఇంట్లో పిండి రుబ్బుతానని గట్టిగానే చెప్పాను. తినేది ఇద్దరమే అయినా అలవాటు కొద్దీ రెండిళ్ళకి సరిపడా రుబ్బాను. తెల్లారి చూస్తే అవెన్‌లో పిండి గిన్నె దాటి పొంగి కింద ట్రే నిండా కారింది. మావారు ట్రే కడిగారు. కొత్త గుంపులో వాళ్ళ కాలేజీ ఆట ఆ పొద్దున్నే టీవీలో వస్తోంది. అవతలివాళ్ళ ఊరు ఎక్కడుందో కూడా ఆయనకి తెలియదు. సగం కూడా కాకుండానే టీవీ కట్టేసి, “ఆ మెరూన్ చొక్కా ఎక్కడుంది?” అని అడిగారు. ఓడినప్పుడల్లా ఆయన తొడుక్కున్న చొక్కా అది. ఇప్పుడు పొట్ట దగ్గర బాగా బిగుతైంది. పిండి గిన్నె నా ఒళ్ళో పెట్టి, సన్నీవేల్‌కి కారు నడిపారు. ఈసారి తలుపు దగ్గర తేడా వస్తే ఇంక కలిసే దారి లేదు.

అన్నయ్యే తలుపు తీశాడు. మావారి చొక్కా కేసి, నా చేతిలో గిన్నె కేసి చూశాడు.

“ఓడిపోయాం బావా” అన్నారు మావారు.

అన్నయ్య గుమ్మానికి అడ్డంగానే నిలబడి, “ఎంత తేడాతో?” అన్నాడు.

“నువ్వే చెప్పు.”

“ఒక్క పాయింటు. అదీ రిఫరీ మీవాడయ్యుండి కూడా” అని పక్కకి జరిగాడు.

వదిన పెనం పెట్టింది. మావారు మొదటి దోసె పోశారు, ఎప్పట్లాగే ఏదో ఒక రాష్ట్రంలా వచ్చింది. అన్నయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మావారు వెనక్కి తిరక్కుండానే, “ఆ రోజు నేను ఫోన్ చేసి చెప్పుండాల్సింది బావా. భయపడ్డాను” అన్నారు. ఆయన నోట ఆ మాట నేనూ అదే మొదటిసారి వినడం.

“దోసె మాడతా ఉంది, చూసుకో” అన్నాడు అన్నయ్య. ప్లేటు ముందుకి జరిపి, “ఇంకోటి వెయ్యి. పల్చగా” అన్నాడు.

ఇదంతా పోయిన ఏటి సంగతి. ఈ ఏడు కూడా మ్యాచ్ లేదు, ఆ పెద్దమనుషుల మీద నా మంటా తగ్గలేదు. ఈసారి ఎవరు ఓడిపోయారో బావలిద్దరూ వారం నుంచీ ఫోన్లో వాదించుకుంటున్నారు. రిమైండర్ ఆపేసి, లేచి పప్పు నానబోశాను. పిండి పొంగడానికి ఒక్క రాత్రి చాలు. ఆ ఒక్క మాట బయటికి రావడానికే ఇన్ని నవంబర్లు పట్టాయి.