కాక్‌పిట్‌లో అక్షింతలు

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం వచ్చేది కాదు. చిన్నప్పుడు బడికి పంపలేదు. పెళ్లయ్యాక మా ఆయన ఫోటో స్టూడియోలో లైట్లు పట్టుకుంటూ కెమెరా నేర్చుకున్నాను గాని అక్షరాల జోలికి పోలేదు. కెమెరాలో ఏ మీట ఎక్కడుందో చేతికి తెలుసు. బేరాలు, తేదీలు ఫోన్‌లో మాటగా రికార్డు చేసుకునేదాన్ని. ఉద్యోగం మానేశాక మా మరదలు కూర్చోబెట్టి దిద్దించింది. ఇప్పుడు రాస్తున్నాను.

కొవిడ్ తగ్గిన మరుసటేడు అక్టోబరు. అప్పటికి నేను టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో, మన తెలుగువాళ్ల ఫంక్షన్లకు ఫోటోలు తీసే ఒక స్టూడియోలో పనిచేస్తున్నాను. ఓణీల వేడుకలు, గృహప్రవేశాలు, సీమంతాలు నా వాటా. ఆ శనివారం మాత్రం ఊరికి గంట దూరంలో ఉన్న చిన్న విమానాశ్రయానికి పంపారు. అక్కడ పాత యుద్ధ విమానాల ప్రదర్శన. సుధ అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి తన తండ్రి రాఘవయ్య గారి డెబ్బై అయిదో పుట్టినరోజుకు అక్కడ ఒక విమానంలో సీటు బుక్ చేసింది. ఆయన వయసులో ఉండగా మన వైమానిక దళంలో మెకానిక్. సరిగ్గా అలాంటి శిక్షణ విమానాలకే మరమ్మతులు చేశారట. చేసినన్నాళ్లూ ఒక్కసారీ ఎక్కి ఎగరలేదట. గాలిలో ఉన్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో ఫోటోలో రావాలి, సుధ నాకు చెప్పింది అంతే. దానికోసం ఆయన సీటుకు ఎదురుగా ఒక చిన్న కెమెరా బిగించడానికి అనుమతి కూడా తీసుకుంది.

నేను ముందుగా వెళ్లి విమానాలు చూశాను. అలాంటివి ఎన్నడూ తీయలేదు. రెక్కలు పైకి మడుచుకున్న నౌకాదళం విమానం ఒకటి, ముక్కు మీద పెద్ద పళ్లు గీసిన వేట విమానం ఒకటి. ఇంజను మొదలైతే తెల్లటి పొగ, ఆముదం మాడినట్టు ఒక వాసన, గుండెలో దడ. ఆనందంతో టపటపా తీసేశాను. తెర మీద చూసుకుంటే ప్రతి ఫోటోలోనూ విమానం గాలిలో ఉంది, ప్రొపెల్లర్ మాత్రం కరెంటు పోయిన ఫ్యాన్‌లా నిలబడిపోయి ఉంది. ఏం తప్పు చేశానో తెలియలేదు. పక్కన పొడుగు లెన్సు పట్టుకున్న ఒకాయన నా కెమెరా వంక చూసి, నవ్వి, షట్టర్ వేగం తగ్గించమని వేలితో చక్రం తిప్పి చూపించాడు. పెళ్లిలో కదలికను ఆపడం పని. ఇక్కడ కదలిక కాస్త కనపడనివ్వాలట. తగ్గించాక ప్రొపెల్లర్ రెక్కలు తిరిగినట్టు వచ్చాయి గాని కెమెరా కదిలి సగం ఫోటోలు చెదిరాయి.

పదకొండింటికి సుధ కుటుంబాన్నీ నన్నూ అడ్డంగా కట్టిన తాడు దాటించి విమానం దగ్గరికి తీసుకెళ్లారు. పసుపుపచ్చ విమానం, ముందొక సీటు, వెనకొక సీటు. వెనక సీటుకు ఎదురుగా మా చిన్న కెమెరా అప్పటికే బిగించి ఉంది. డేల్ అనే ఆయన క్రూ చీఫ్, అంటే నేల మీద ఉన్నంతసేపూ ఆ విమానానికి ఆయనే పెద్ద. ఆయన సరేననకుండా పైలట్ కూడా ఇంజను ముట్టుకోడు. డేల్ ఇంగ్లీషులో గబగబా ఏవో జాగ్రత్తలు చెప్పాడు. నాకు సగమే అర్థమైంది. రాఘవయ్య గారు మాత్రం చెప్పకముందే జేబులు ఖాళీ చేసి, పెన్ను, చిల్లర, తాళాలు కూతురి చేతిలో పెట్టి, వెనక సీట్లో కూర్చుని బెల్టులు బిగించుకున్నారు. పైలట్ ముందు సీట్లోకి ఎక్కాడు.

అప్పుడు సుధ మేనత్త సీతమ్మ గారు ముందుకొచ్చారు. తమ్ముడి పుట్టినరోజని కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఎనభై ఏళ్ల మనిషి. రెక్క మీదికి ఎక్కలేరు. కింద నిలబడే చీర కొంగులోంచి గుప్పెడు అక్షింతలు తీసి, ‘చిరంజీవ’ అంటూ బలంకొద్దీ పైకి విసిరారు. నా వేలు అలవాటుగా మీట మీదే ఉంది. వరసగా పడ్డాయి ఫోటోలు.

డేల్ ఆపమన్నట్టు రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టాడు. పైలట్ దేన్నీ ముట్టుకోలేదన్నట్టు చేతులు పైకెత్తి చూపించి, కిందికి దిగాడు. ఎటునుంచో ఇంకో ఇద్దరు పరిగెత్తుకొచ్చి రెక్క కింద మోకాళ్ల మీద పడి నేల వెతకసాగారు. నాకేమీ అర్థం కాలేదు. మన ఆచారం వాళ్లకు నచ్చలేదేమో, ఇప్పుడు గొడవ అవుతుందేమో అనుకున్నాను.

ఎన్ని గింజలు విసిరారని డేల్ అడిగాడట. సుధ అడిగితే సీతమ్మ గారు విస్తుపోయారు.

“అక్షింతలు లెక్కబెట్టి వేస్తారటే? వేస్తే విమానం పడిపోతుందా? చోద్యం కాకపోతే!”

అన్నీ రెక్క మీదే పడ్డాయని, తుడిచేస్తే సరిపోతుందని సుధ డేల్‌కి చెప్పింది. ఆయన వినలేదు. నా కెమెరా వైపు వేలు చూపించాడు. నేను తెర మీద చూస్తున్నాను అప్పటికే. ఒక ఫోటోలో పచ్చటి గింజలు కొన్ని రాఘవయ్య గారి భుజం పక్కనుంచి సీటు సందులోకి జారుతూ కనిపిస్తున్నాయి. సుధ కూడా చూసింది. నా చెయ్యి పట్టుకుంది.

“ఆంటీ, ప్లీజ్, అది చూపించకండి. క్యాన్సిల్ చేసేస్తారు. నాన్న ఏడాది నుంచి దీని కోసమే వెయిట్ చేస్తున్నారు.”

పని ఇచ్చింది ఆమె. మా వృత్తిలో ఫోటో ముందు చూసే హక్కు పని ఇచ్చినవాళ్లదే. నాలుగు గింజలు ఒక విమానాన్ని ఏం చేస్తాయో నాకు నిజంగా తెలియదు. ఏమీ చేయవేమో, డేల్‌కి చాదస్తమేమో. కెమెరా గుండెకు అదుముకుని అలాగే నిలబడ్డాను.

“అమ్మా, ఆ కెమెరా ఇటివ్వు,” అన్నారు రాఘవయ్య గారు పైనుంచి.

సుధ వంక చూశాను. ఆమె తల తిప్పుకుంది. రెక్క మీదికి ఎక్కి ఇచ్చాను. ఆయన ఆ ఫోటోని పెద్దది చేయించి, కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు. తర్వాత బెల్టులు విప్పుకున్నారు.

“నాన్నా, దిగొద్దు. కొంచెం రైస్ అంతే కదా.”

“ఈ సీటు కింద నేల ఉండదు తల్లీ. ఏది పడినా నేరుగా కడుపులోకి పోతుంది. తోకను తిప్పే తీగలు, కప్పీలు అక్కడే ఉంటాయి. గింజ ఇరుక్కుంటే బిగుసుకుపోతాయి. నేను డ్యూటీలో ఉంటే దీన్ని ఎగరనివ్వను.”

“ఇవాళ మీ బర్త్‌డే.”

“ఆ సంగతి దానికి తెలియదుగా,” అని విమానం ఒంటిమీద చెయ్యి వేసి దిగిపోయారు.

దాన్ని హ్యాంగర్ అనే పెద్ద షెడ్డులోకి నెట్టుకెళ్లి పొట్ట కింది రేకులు ఊడదీశారు. ఎన్ని గింజలు పోయాయో ఎవరికీ తెలియదు కాబట్టి ప్రతి మూలా చూడాల్సిందేనట. సాయంత్రం వరకు పట్టింది. మర్నాటి సీట్లన్నీ వేరేవాళ్లవి. రాఘవయ్య గారు డేల్‌ని ఏదో అడిగి, టార్చి తీసుకుని, కొత్త చొక్కాతోనే అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని విమానం కిందికి జరిగారు. దొరికిన గింజ దొరికినట్టు గుడ్డ మీద పెట్టారు. సీతమ్మ గారు కుర్చీలో కూర్చుని, తాను ఏ పాపం చేశానని అందరినీ అడుగుతూనే ఉన్నారు. సుధ కారులోంచి బయటికి రాలేదు.

ఆ కిందనున్న మనిషిని తీయాలో వద్దో నాకు తోచలేదు. నాకు చెప్పింది ఆకాశంలో ఉన్న ముఖం. చివరికి నేల మీద కూర్చుని ఒక్కటి తీశాను. అందులో ఆయన ముఖం బాధగా ఉందో, తృప్తిగా ఉందో అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడు చూసినా చెప్పలేను. వెళ్లేటప్పుడు సుధ, ఆ బియ్యం ఫోటో డిలీట్ చేయమంది. కెమెరా సంచిలో పెట్టుకుని కారెక్కాను.

తర్వాత నేను పనిచేసినన్నాళ్లూ రెండు సంగతులు పాటించాను. ఏ చోటికి వెళ్లినా అక్కడ ఏం చేయకూడదో ఆ చోటి బాధ్యత చూసే మనిషిని ముందే అడిగేదాన్ని. ఎవరి ప్రాణానికి సంబంధించిన ఫోటో అయితే దాన్ని మొదట వాళ్లకే చూపించేదాన్ని.

ఆ ప్రదర్శన మర్నాడు పొద్దునే సుధకు ఫోన్ చేసి, ఆ ఫోటో ఆల్బమ్‌లో పెట్టను గాని చెరపను కూడా అని చెప్పాను. నాన్న ఇంట్లోనే ఉన్నారు, రండి అంది. గింజలు పడుతున్న ఫోటో, టార్చితో ఉన్న ఫోటో రెండూ ప్రింటు తీసి, ఏది కావాలో ఆయన్నే అడుగుదామని కారు తీశాను.