ప్రెంటిస్ నోట ఒక్క మాట

అయిలి కంగస్ ఎన్నికల్లో ఓడిపోయింది. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే చదివేవాళ్ళు చివరిదాకా ఓట్ల లెక్క కోసం చూస్తూ కూర్చుంటారు. ఆమె ఎదురుచూసింది ఓట్ల కోసం కాదు.

ఆమె పోటీ చేసింది కాంగ్రెస్‌కి. ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, వాషింగ్టన్‌లోని చట్టసభ. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊరు కివి పాయింట్ నుంచి ఆ సభకి మేం పంపే మనిషి వాల్టర్ ప్రెంటిస్. చాలా ఏళ్ళుగా ఆయనే. ఓట్లప్పుడు గోడల మీద కనిపిస్తాడు, తర్వాత టీవీలో.

అయిలికి అరవై దాటాయి. పెళ్ళయిన కొత్తలో మా ఊరి ఆస్పత్రిలో బట్టలుతికే గదిలో చేరింది. భర్త రేనో పోయాక కూడా ఆ పని మానలేదు. ఆ గది నేలమాళిగలో ఉంటుంది, దానికి సరిగ్గా పైన పురుళ్ళ వార్డు. కాన్పు దగ్గర పడగానే నర్సు కిందికి ఫోన్ చేసేది. "అయిలీ, దుప్పటి." అంతకంటే మాటలుండేవి కావు. అయిలి ఒక చిన్న దుప్పటి తీసి డ్రయ్యర్లో తిప్పి, వెచ్చబడ్డాక గుండెకి హత్తుకుని మెట్లెక్కి, వార్డు తలుపు దగ్గర అందించి వచ్చేది. లోపలికి వెళ్ళే పని ఆమెది కాదు. కానీ దిగి రావడానికి తొందరపడేది కాదు. తలుపవతల మొదటి ఏడుపు వినపడేదాకా మెట్ల దగ్గరే ఏదో సర్దుతున్నట్టు నిలబడేది.

ఆమెకి పిల్లలు లేరు. "ఈ ఊళ్ళో పిల్లలందరికీ మొదటి వెచ్చదనం నేనిచ్చిందేనోయ్" అని ఒకసారి నాతో అంది. అనేసి, గొప్పలు చెప్పుకున్నట్టయిందని సిగ్గుపడి, ఆ ఏడు సరస్సులో చేపలు పడని సంగతి ఎత్తుకుంది.

తర్వాత పురుళ్ళ వార్డు మూసేశారు. పల్లెటూరి ఆస్పత్రులకి వచ్చే డబ్బు తగ్గించే బిల్లు ఒకటి వాషింగ్టన్‌లో నెగ్గింది. దానికి ప్రెంటిస్ ఓటేశాడు. మిగతావన్నీ ఎలాగో నెట్టుకొచ్చారు కానీ, కాన్పుల వార్డు మాత్రం నిలబడలేదు. ఇప్పుడు మా ఆడవాళ్ళు కాన్పుకి ఎక్కడో దూరాన ఉన్న మార్క్వెట్ పట్నం పోవాలి. ఎండాకాలంలో అయితే అదొక ప్రయాణం. మంచు పడితే అదొక పందెం. ఒక పిల్ల దారిలో పెట్రోలు బంకు వెనక పుట్టింది. ఆ తల్లి ఇప్పటికీ ఆ బంకులో పెట్రోలు పోయించుకోదు.

కింద అయిలి గదిలో గోడ ఫోన్ మాత్రం అలాగే ఉంది. డ్రయ్యరు ఆగి గది నిశ్శబ్దమైనప్పుడల్లా ఆమె కళ్ళు అటే పోయేవి. ఊళ్ళో ఎవరైనా అమ్మాయి కడుపుతో ఉందని తెలిస్తే, అంగట్లో కనపడినప్పుడు ఆమె చెప్పే మాట ఒకటే. "కాస్త ఓపిక పట్టమ్మా. ప్రెంటిస్‌ని అడుగుతున్నాం. తెరుస్తారు."

అడగడం అంటే ఫోన్ చేయడం. ప్రెంటిస్ ఆఫీసులో ఫోనెత్తే అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. "మీ మాట ఆయనకి చేరవేస్తానండీ" అనేది. ఆ మాట ఎక్కడికి చేరేదో ఎవరికీ తెలియదు. ఊరివాళ్ళు సభ పెట్టి పిలిచారు, రాలేదు. మళ్ళీ పెట్టారు. వేదిక మీద ఆయన కోసం వేసిన కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. రొట్టెల దుకాణం నడిపే డోరీన్ ఆ కుర్చీని చూస్తూ, "పోనీలే, కుర్చీ అయినా కూర్చుని మన మాట వింది" అంది. డోరీన్ నోటికి అడ్డం లేదు. అయిలికి ప్రాణ స్నేహితురాలు ఆమె.

చివరికి ఒక శుక్రవారం ఆయన నిజంగానే వచ్చాడు. శుక్రవారాలు మా అగ్నిమాపక కేంద్రం హాల్లో చేపల వేపుడు విందు జరుగుతుంది, ఊరంతా అక్కడే ఉంటుంది. ఉడికించిన బంగాళదుంపలు, రై పిండి రొట్టె, కాఫీ. ప్రెంటిస్ గుమ్మంలోనే బూట్ల మంచు దులుపుకుని, "అబ్బ, ఈ వాసన కోసమే ఇంత దూరం వచ్చాను" అన్నాడు. ఎవరో కుర్చీ జరిపారు. వడ్డించే వంతు ఆ రోజు అయిలిది. పళ్ళెం నిండా పెట్టి తెచ్చింది.

మా వైపు పద్ధతి ఒకటుంది. తింటున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు. కాఫీ అయ్యేదాకా తిండి అయినట్టు కాదు. కప్పు ఖాళీ అయితే ఇంట్లోవాళ్ళు మళ్ళీ పోస్తారు, చాలనుకున్నవాడు కప్పు మీద అరచెయ్యి అడ్డం పెడతాడు. ఆ చెయ్యి పడ్డాకే పనుల మాట, తగాదాల మాట, పెళ్ళిళ్ళ మాట. ప్రెంటిస్ అమ్మమ్మది పక్క ఊరే. ఈ పద్ధతి ఆయనకి తెలియనిది కాదు.

ఆయన చేపలు తిన్నాడు. ఇంకాస్త వేయించుకున్నాడు. అమ్మమ్మ కథలు చెప్పాడు, అందరూ నవ్వారు. కాఫీ తాగాడు. అయిలి పోసింది. తాగాడు. పోసింది. కప్పు మీద చెయ్యి మాత్రం పడలేదు. హాలంతా ఆ చేతి కోసమే చూస్తోంది. ఇంతలో ఆయన వెంట వచ్చిన ఆఫీసు కుర్రవాడు గడియారం చూపించాడు. ప్రెంటిస్ సగం కప్పు అలాగే వదిలేసి లేచి, అందరితో చేతులు కలిపి, అయిలి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "ఇంత మంచి భోజనం వాషింగ్టన్‌లో దొరకదండీ" అని వెళ్ళిపోయాడు.

కారు మలుపు తిరిగాక డోరీన్ అంది: "మనం అడగలేదు."

జనం పళ్ళేలు పోగుచెయ్యడం మొదలుపెట్టారు.

"ఇన్నాళ్ళూ పిలిచి, పిలిచి, వచ్చినవాణ్ణి మేపి పంపాం. ఏమే అయిలీ, ఆ కాఫీ పోయడం ఆపొచ్చుగా?"

"ఖాళీ కప్పు ఎలా చూస్తూ ఊరుకోనే?" అంది అయిలి. గిన్నెలు కడుగుతూ మళ్ళీ అదే అంది, తనతో తాను.

పోటీ ఆలోచన ఆ గిన్నెల దగ్గరే పుట్టిందని డోరీన్ చెబుతుంది. అయిలిని అడిగితే నవ్వి ఊరుకుంటుంది. డోరీన్ అన్న మాట ఇది: "వాడికి తిండి పెట్టని చోటు ఒక్కటే ఉంది. ఓట్ల ముందు రేడియోవాళ్ళు పెట్టే చర్చ. అక్కడ వాడికి ఎదురుగా నిలబడాలంటే అభ్యర్థి అయి ఉండాలి."

"అయితే ఎవరినైనా నిలబెడదాం."

"ఎవరినో ఎందుకు? నీకేమైంది?"

"నేను బట్టలుతికేదాన్నే."

"మురికి సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

అవతలి పార్టీ తరఫున ఆ ఏడు నిలబడడానికి ఎవరూ ముందుకు రాలేదు. గెలవని సీటు కదా అని. అందుకే నామినేషన్‌కి కావలసినన్ని ఓటర్ల సంతకాలు పోగైతే చాలు, దారి ఖాళీ. కానీ సంతకం అడగడం అయిలికి పెద్ద గండం. మా వైపువాళ్ళు తమ కోసం ఏదీ అడగరు. సంతకాల కాగితం పెట్టిన అట్ట పట్టుకుని కిరాణా కొట్టు ముందు నిలబడి, "మీకు వీలైతేనే... లేకపోయినా ఏం ఫరవాలేదు" అనేది. జనం ఏం ఫరవాలేదనుకుని వెళ్ళిపోయేవారు. చూడలేక డోరీన్ పక్కన నిలబడి, "ఫరవా ఉంది, ఇటు రండి" అని కేకేసేది. ఇల్లిల్లూ తిరగడం ఇంకో కథ. ఏ ఇంటికి వెళ్ళినా కాఫీ తాగకుండా పంపరు. పగలంతా తిరిగినా ఒక వీధి పూర్తయ్యేది కాదు.

"నీ ప్రచారం కడుపులో పడుతోంది, ఓటర్లలో కాదు" అనేది డోరీన్.

కానీ ఆ వంటిళ్ళలో జనం చెప్పిన మాటలన్నీ అయిలి విన్నది. మంచులో కారు ఇరుక్కున్న రాత్రి గురించి ఒకామె, బిడ్డ పుట్టే వేళకి చేరుకోలేకపోయిన తండ్రి ఒకడు. ఒక ముసలాయన ఏమీ చెప్పలేదు, కిటికీలోంచి ఆస్పత్రిలో మూసేసిన వార్డు వైపు చూపించి, "నా ఆరుగురూ అక్కడే" అన్నాడు. ఆ రోజు అయిలి ఇంకో ఇంటికి వెళ్ళలేదు.

చర్చ అక్టోబరులో, హైస్కూలు ఆటల హాల్లో జరిగింది. ప్రెంటిస్ రావడానికి ఒప్పుకున్నాడు. బట్టలుతికే ఆవిడతో చర్చకి భయపడ్డాడన్న పేరు ఎవరికి కావాలి? అయిలి రేనో చెల్లెలి పెళ్ళికి కొన్న నీలం కోటు వేసుకుంది. మొదట పన్నులన్నారు, గనులన్నారు, సరిహద్దులన్నారు. అయిలి తెలిసింది చెప్పింది, తెలియనిది తెలియదంది. జనం మర్యాదగా విన్నారు. నిజం చెప్పాలంటే ప్రెంటిస్ చాలా బాగా మాట్లాడాడు.

చివర్లో అభ్యర్థులు ఒకరినొకరు ఒక ప్రశ్న అడగవచ్చు. అయిలి మైకుకి మరీ దగ్గరగా జరిగింది. ఆమె ఊపిరి హాలంతా వినపడింది.

"ప్రెంటిస్ గారూ, మా ఊళ్ళో పురుళ్ళ వార్డు మళ్ళీ తెరుస్తారా?"

ఆయన మొదలుపెట్టాడు. రోడ్లు బాగుచేయించిన సంగతి, హెలికాప్టర్ అంబులెన్సు సంగతి, తన అమ్మమ్మ ఏడుగురిని ఇంట్లోనే కన్న సంగతి. టైం అయినట్టు గంట మోగింది. చర్చ నడిపే రేడియో ఆయన అయిలి వైపు తిరిగి, "ఇప్పుడు మీ వంతు, మీ మాట చెప్పండి" అన్నాడు.

"నా టైం కూడా ఆయన్నే తీసుకోమనండి" అంది అయిలి. "ఆయన ఇంకా చెప్పడం అవలేదు."

అని చేతులు ముందు కట్టుకుని నిలబడింది.

మాటల్లేకుండా గంటలు గంటలు కూర్చోవడం మా వాళ్ళకి అలవాటే. మంచు గడ్డకట్టిన సరస్సు మీద చిల్లు పెట్టుకుని, గాలం వదిలి, ఇద్దరు అన్నదమ్ములు పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్క మాట లేకుండా కూర్చుని, చాలా బాగా గడిచిందనుకుంటూ ఇంటికొస్తారు. ఆ హాల్లో అందరూ అలాగే కూర్చున్నారు. ఎవరూ దగ్గలేదు. ప్రెంటిస్ ఒకప్పుడు మా మనిషే కావచ్చు, కానీ వాషింగ్టన్‌లో ఉండి ఆ అలవాటు పోగొట్టుకున్నాడు. నీళ్ళు తాగాడు. నవ్వాడు. కాగితాలు సర్దాడు. జనం వైపు చూశాడు, అయిలి వైపు చూశాడు. ఆమె ముఖంలో కోపం లేదు. అదే ఆయన్ని పడగొట్టిందని నేననుకుంటాను. వార్డు తలుపు దగ్గర ఎలా నిలబడేదో అలాగే నిలబడి ఉంది.

"లేదండీ," అన్నాడు చివరికి, మామూలు గొంతుతో. "అది ఇక రాదు. ఆ బిల్లుకి ఓటేసినప్పుడే నాకు తెలుసు."

"థాంక్సండీ," అంది అయిలి.

అరుపులూ లేవు, చప్పట్లూ లేవు. వెనక వరసలో ఒక కుర్చీ కిర్రుమంది. అంతే.

బయట కార్ల దగ్గర డోరీన్‌కి కాళ్ళు నేల మీద ఆగడం లేదు. "వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు. రేడియోలో. రేపు జిల్లా అంతా ఇదే మాట. ఏమే, అలా ఉన్నావేం? సాధించావే."

అయిలి కారు తాళాలు వెతుకుతోంది. చేతిలోనే ఉన్నాయి.

"వాడు తప్పించుకుంటే ఏమనాలో అన్నీ అనుకుని వచ్చానే డోరీన్," అంది. "'లేదు' అనేస్తే ఏమనాలో ఒక్కటీ అనుకోలేదు."

"అంటే?"

"తెరుస్తానంటాడనుకున్నాను. అబద్ధానికైనా అంటాడనుకున్నాను. ఇన్నాళ్ళూ నిజం చెప్పమని వాడి వెంట పడ్డానా? పడింది దాని కోసం కాదు."

 డోరీన్ స్నేహితురాలి కోటు కాలరు సరిచేసింది, అది సరిగానే ఉన్నా.

అప్పుడు కెల్సీ వచ్చింది. డోరీన్ అక్క కూతురు, ఇనప సామాన్ల కొట్లో పనిచేస్తుంది. కోటు గుండీలు పొట్ట దగ్గర పట్టడం లేదు. జనవరికి నెలలు నిండుతాయి.

"పిన్నీ, ఒక్క నిమిషం," అని అయిలి వైపు తిరిగింది. "అయిలీ, మార్క్వెట్‌లో ఆస్పత్రి పక్కన ఒక అద్దె గది ఉందట. డిసెంబరు నుంచి ఇస్తామంటున్నారు. మీరు ఆగమన్నారని వాళ్ళకి ఇంకా ఏమీ చెప్పలేదు. రేపటిలోగా చెప్పాలి. ఏం చెయ్యమంటారు?"

వేసవి నుంచి ఆ పిల్లకి అయిలి చెబుతూ వచ్చింది ఆగమనే. ఆ మాట అలవాటుగా నాలిక మీదికి వచ్చింది కూడా. పెదాలు కదలడం డోరీన్ చూసింది.

"తీసుకో తల్లీ," అంది అయిలి.

"మంచు ముందే పడితే, వాళ్ళనడిగి నవంబరులోనే వెళ్ళిపోనా?"

"వెళ్ళు. ఆగకు."

కెల్సీ తల ఊపి ఫోన్ తీసుకుని పక్కకి నడిచింది. గది ఆవిడతో మాట్లాడుతోంది, అవునండీ, అవునండీ అంటోంది. ఆ మాటలు వినపడకుండా ఉండాలన్నట్టు అయిలి కారెక్కి తలుపు వేసుకుంది. ఇంజను మాత్రం చాలాసేపటిదాకా స్టార్టు చెయ్యలేదు.