నా బొట్టుకు పైన పసుపు గుర్తు

దయ్యాలున్నాయంటే నమ్మే మనిషిని కాను నేను. పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డు మీద, పెరటి గోడ అవతల అడవే ఉన్న ఇంట్లో ఏళ్లుగా ఉంటున్నాను. మా ఆయన ప్లాంటులో నైట్ షిఫ్టుకు వెళ్తే ఒక్కదాన్నే పడుకుంటాను. ఏనాడూ భయపడలేదు. బతికున్నవాళ్లతో వేగడానికే నాకు ఓపిక చాలదు.

చనిపోయిన ఒక్క మనిషితో మాత్రం నాకు పడదు. ఆమె మా ఆయన మొదటి భార్య కమల. నాకు పెళ్లి కాకముందే జ్వరమొచ్చి పోయింది. పెద్దలకు పెట్టుకునే పెత్రమాస నాడు ఏటా ఆమె ఫొటో ముందు కొత్త చీర పెట్టి, తర్వాత దాన్ని నేను కట్టుకోవాలి. మా ఇంట్లో అదే ఆనవాయితీ. ఆ చీర కోసం మా ఆయన కొత్తగూడెం దాకా పోయి రంగులు ఏరుతాడు. నాకు కొనేటప్పుడు మాత్రం ఏదో ఒకటి పట్టుకొస్తాడు. ఒళ్లు మండదా మరి? నాది అసూయే, దాచుకోను.

నా గుండెకు పెట్టిన పేస్‌మేకర్ బ్యాటరీ అయిపోవస్తే ఖమ్మం దవాఖానాలో కొత్తది వేశారు. ఎడమ భుజం కింద పాత కోతలోనే కోసి, మార్చి కుట్టేశారు. కొన్నాళ్లు బరువులెత్తొద్దు, చెయ్యి మాత్రం మెల్లగా కదుపుతూ ఉండమన్నారు డాక్టరు. నేను వింటేనా? చెయ్యెత్తితే లోపలి వైరు ఊడొస్తుందని భయం. మెత్తగా ఉందని కమలకు పెట్టిన నూలు చీరనే చింపి, మెడకు జోలె కట్టి చెయ్యి అందులో పడేశాను. దాన్ని కట్టుకునే పని తప్పినందుకు కొంచెం హాయిగా కూడా అనిపించింది.

కుట్లు మానాయి గానీ భుజం బిగుసుకుపోయింది. చెయ్యి రొమ్ము దాటి లేవదు. జడ మా ఆయనే వేసేవాడు. వెంట్రుక లాగకుండా, పాయ జారకుండా చక్కగా వేస్తుంటే ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను.

"కమలకు ఏసేటోణ్ణి" అన్నాడు.

ఆ రోజే అనుకున్నాను, నా జడ నేనే వేసుకుని తీరాలని.

ఫిజియోథెరపీ చేయించే ఆవిడ గోడ ముందు నిలబడి వేళ్లను చీమలా పైకి పాకించమంది. ఎక్కడిదాకా పోతే అక్కడ గుర్తు పెట్టుకోమంది. వంటింటి గోడ మీద తడి కుంకుమతో బొట్టు పెట్టేదాన్ని.

ఒకరోజు పొద్దున చూస్తే నా బొట్టుకు జానెడు పైన పసుపు వేలిగుర్తు ఉంది. మా ఆయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు.

"గీ పసుపు మీరే పెట్టిండ్రా?" అని అడిగాను.

"నేనెందుకు పెడతనే? ఇప్పుడే కద వచ్చిన" అని గోడకేసి చూసి నవ్వాడు. "కమల గిట్లనే పసుపు చెయ్యి గోడకు తుడిచేది."

ఆ నవ్వు చూసి నా కడుపు రగిలిపోయింది. తడిగుడ్డతో తుడిచేశాను. ఆయన పొద్దుటి షిఫ్టుకు మారాక, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ముందు తలుపుకూ వెనక తలుపుకూ గడియ పెట్టి స్నానం చేసి వచ్చాను. గుర్తు మళ్లీ అక్కడే ఉంది. ఇంకా తడి ఆరలేదు.

భయం వేయాల్సింది. నాకు పంతం వచ్చింది. నా వంటింట్లో నాకంటే పైన ఆమె చెయ్యేమిటి? పళ్లు బిగించి వేళ్లు పాకించాను. నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. కొన్నాళ్లకు దాన్ని అందుకున్నాను. తెల్లారేసరికి గుర్తు ఇంకా పైన ఉంది. మళ్లీ అందుకున్నాను, మళ్లీ పైకి పోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే శాంతి చేయించమంటారు, ఆమెకు ఇంకో చీర వస్తుంది.

ఖమ్మం వెళ్తే డాక్టరు నా చెయ్యి చెవి పక్కనుంచి నిటారుగా ఎత్తించి చూశారు. ఇంత త్వరగా వస్తుందనుకోలేదు, దగ్గరుండి ఎవరు చేయించారమ్మా అని అడిగారు. ఎవరూ లేరు, నేనే చేసుకున్నానని చెప్పాను.

ఇంటికొచ్చి గోడ ముందు నిలబడ్డాను. పసుపు గుర్తు ఇంకో జానెడు పైకి జరిగి ఉంది. చెయ్యి మొత్తం చాచినా అందలేదు.

"కమల ఎంత ఎత్తుండేది?" అని మా ఆయన్ని అడిగాను.

"నా అంత ఉండేది. అటక మీది డబ్బాలు పీట ఎక్కకుండనే దించేది" అన్నాడు.

ఆ తర్వాత గుర్తు జరగలేదు. ఎవరు పెట్టారో, మూసిన ఇంట్లో ఎలా పెట్టారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నా చెయ్యి మళ్లీ లేచేలా చేసినందుకు ఆ ఫొటోకు దండం పెట్టాలని అనిపిస్తుంది గానీ మనసొప్పదు. మొన్న సున్నం వేసే మనిషి వస్తే ఆ గోడ వదిలేయమన్నాను. మా ఆయన ఇంట్లో లేనప్పుడు మునివేళ్ల మీద లేచి చూస్తుంటాను. ఇంకా అందలేదు.