బల్ల మీద పెట్టిన మూడో భాగం

తప్పిపోయినవాటిని వెదకడంలో ఏనాడూ విసుగు చూపని దేవునికి ముందుగా స్తోత్రం. మన కథలన్నిటికీ ముగింపు తెలిసినవాడు ఆయనొక్కడే. మన బుద్ధిహీనతకు కోపగించుకోవలసిన చోట కూడా ఆయన చాలాసార్లు నవ్వి ఊరుకుంటాడని నా నమ్మకం. ఆ నమ్మకం లేకపోతే ఈ సంగతి రాయడానికి నాకు ధైర్యం వచ్చేది కాదు.

కంప్యూటర్ చదివిన ప్రతివాడినీ విమానం ఎక్కించి పంపుతున్న రోజుల్లో మేము సింగపూర్ వచ్చాం. మా వారికి చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉద్యోగం. నాకు లేదు. పెళ్ళికి ముందు గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పేదాన్ని. అందులో నా వంతుకు వచ్చింది పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు, అక్కడి ఆడవాళ్ళు రాసిన నవలలు. ఆ శతాబ్దంతో సింగపూర్‌లో ఎవరికీ పని లేదు. అయినా వదల్లేక నా నోట్సు పుస్తకాలు ఆవకాయ సీసాల పక్కన సర్ది తెచ్చుకున్నాను. మా వారు వాటిని చూసినప్పుడల్లా, "ఇరవై కిలోల సామానులో మూడు కిలోలు చచ్చిపోయిన దొరసానులే" అనేవారు.

ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు క్రైస్తవ సంఘం ఒక అద్దె హాలులో కూడేది. హౌగాంగ్ ఆంటీ నాకు అక్కడే పరిచయం. రాజమండ్రి నుంచి హౌగాంగ్ పేటలోని కూతురి ఫ్లాట్‌కు వచ్చి ఉంటున్న పెద్దావిడ. ఆమె భర్త రాజమండ్రిలో సంఘ పెద్ద, ప్రభువు సన్నిధికి వెళ్ళి అప్పటికి రెండేళ్ళు. ఆంటీకి రెండు కళ్ళూ మసక. అందుకని నేను శనివారాలు వెళ్ళి వాక్యం చదివి వినిపించేదాన్ని.

ఒక శనివారం వాక్యం అయ్యాక ఆంటీ తలుపు వైపు చెవి ఒగ్గి, ఇంట్లో ఎవరూ లేరని తేల్చుకుని, "అమ్మాయ్, మంచం కింద ట్రంకు పెట్టె లాగు" అన్నారు.

పెట్టె నిండా అంకుల్ రాసుకున్న ప్రసంగాల కట్టలు. వాటి అడుగున అట్ట ఊడిపోయిన ఒక తెలుగు నవల. మొదటి పేజీ లేదు. దాని పేరేమిటో తెలియదు, రాసినావిడ ఎవరో తెలియదన్నారు ఆంటీ.

"రాసింది ఆడమనిషేనని ఎలా తెలుసు ఆంటీ?"

"గుత్తివంకాయ కూర ఎలా వండిందో రెండు పేజీలు రాసిందే! మగాడైతే తినేసి చెయ్యి కడుక్కునేవాడు."

పెళ్ళయిన కొత్తలో ఆంటీ ఈ నవలను బియ్యం డబ్బాలో దాచుకుని చదివేవారట. కథలో నాయిక ఎవరో రాసిన ఉత్తరం చేత్తో పట్టుకుని, విప్పాలా వద్దా అని గుమ్మంలో నిలబడింది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి అంకుల్ చూశారు. "విశ్వాసి ఇంట్లో నవలేంటి?" అని లాక్కుపోయారు. కాల్చేశారనే ఆంటీ అనుకున్నారు. నలభై ఏళ్ళపాటు ఆ పిల్ల ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆయన పోయాక పెట్టె సర్దుతుంటే ఇది బయటపడింది.

"అది కాదమ్మాయ్ అసలు విషయం," ఆంటీ గొంతు తగ్గించారు. "నేను పేజీలు తడిమి చూస్తే ఆఖరి పేజీలో చర్చి కానుక కవరు తగిలింది. చదివినంతవరకూ గుర్తు పెట్టుకుంటారే, అలాగ."

"అంటే అంకుల్ కూడా..."

"చదివారు మహానుభావుడు! ఆఖరిదాకా చదివారు. నాతో ఒక్క ముక్క అన్లేదు." దిండు కింద నుంచి ఆ కవరు తీసి నాకు చూపించారు. "ఆ పిల్ల ఉత్తరం విప్పిందో లేదో, తరవాత ఏమయిందో నాకు తెలియాలి. ఆయన దగ్గరికి వెళ్ళేలోగా తెలియాలి. అంతే నా కోరిక."

నేను మాట ఇచ్చాను.

తెలుగు పుస్తకం కంటికి కనబడటమే అరుదైన ఊళ్ళో ఇలాంటి రహస్యం ఎన్నాళ్ళు దాగుతుంది? రెండు వారాలకే మా స్త్రీల కూడికలో ఇద్దరు పట్టేశారు. ఒకరు బూన్ లేలో ఉండే అక్క. ఇంకొకరు మా వారి ఆఫీసు పక్కనే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం చేసే చెల్లి. మాకూ కావాలి, ఇప్పుడే కావాలి అని కూర్చున్నారు. ఉన్నది ఒక్క పుస్తకం.

అప్పుడు నా మూడు కిలోల దొరసానులు పనికొచ్చారు. ఆ కాలంలో ఇంగ్లండులో నవలను ఒకే పుస్తకంగా కాక మూడు నాలుగు సంపుటాలుగా అచ్చువేసేవారు. అద్దెకిచ్చే గ్రంథాలయాలకు అది లాభం. ఒకావిడ మొదటి సంపుటం చదివి ఏడుస్తుంటే ఇంకొకావిడ రెండోది చదివి ఏడవవచ్చు. రాసిన స్త్రీలలో చాలామంది పేరు పెట్టుకోక 'ఒక స్త్రీ రాసినది' అని మాత్రం వేయించుకునేవారు. ఇది చదివితే సద్బుద్ధి కలుగుతుందని ముందుమాటలో ఒట్టు పెట్టేవారు. నవలల వల్ల ఆడపిల్లలు చెడిపోతున్నారని ప్రసంగీకులు మరోవైపు గొంతు చించుకునేవారు. ఆ ప్రసంగీకుల పెట్టెల అడుగున వెదికితే ఏం దొరికేదో ఇప్పుడు నాకు తెలుసు.

నవల వెన్ను ఎలాగూ విరిగిపోయి ఉంది. ఆంటీ అనుమతితో దాన్ని మూడు ముక్కలు చేసి, సూదీ దారంతో కుట్టి, గోధుమరంగు కాగితం అట్టలు వేశాను. ఉత్తరం పట్టుకుని నిలబడిన చోటుతో రెండో భాగం ముగిసేలా కోశాను. ఆంటీకి చదివి వినిపించాకే ఏ భాగమైనా మిగతావాళ్ళకు వెళుతుందని నిబంధన.

రెండో భాగం ముగిసిన శనివారం నేను మూడోది తెరవబోతే ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపారు. "నలభై ఏళ్ళు ఆగాను, ఇంకో వారం ఆగలేనా? రుచి చూసుకుంటూ తినాలి."

ఆ వారమే శోధన వచ్చింది. ముందుగా కొంచెం చూస్తే తప్పేమిటని మూడో భాగాన్ని నా సంచీలో వేసుకున్నాను. మా కూతురికి స్కూలు సెలవులు. మా వారితో కలిసి భోంచేద్దామని ఇద్దరం రైలెక్కి చాంగీ వైపు వెళ్ళాం. దారిలో నాలుగు పేజీలు చదివాను. ఆ నాలుగు పేజీల్లోనూ రచయిత్రి వర్షం కురిపించింది, ఉత్తరం మాత్రం విప్పించలేదు.

మధ్యాహ్నం తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో మెడలో ఆఫీసు కార్డులు వేలాడేసుకున్న జనం మధ్య బల్ల దొరకడమే కష్టం. మన ఊళ్ళో బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు, ఇక్కడ ఖాళీ బల్ల మీద టిష్యూ పాకెట్ పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళతారు. దాన్నే చోప్ చేయడం అంటారు. ఆ పాకెట్‌ను ఎవరూ ముట్టరు, అంత మర్యాద. ఆ రోజు పిల్లకు జలుబు, టిష్యూలన్నీ దాని ముక్కుకే అయిపోయాయి. సంచీలో చెయ్యి పెడితే మూడో భాగం తగిలింది. బల్ల మీద పెట్టి, వరసలో నిలబడటానికి వెళ్ళాం.

తిరిగి వచ్చేసరికి బల్ల అద్దంలా మెరుస్తోంది. ఇద్దరు కుర్చీలు లాక్కుని నూడుల్స్ తింటున్నారు. బల్లలు తుడిచే పెద్దావిడను అడిగితే ట్రేలూ గిన్నెలూ పేర్చిన బండి చూపించి, "ఓల్డ్ పేపర్ ఆ? త్రో ఆల్రెడీ" అంది.

"అమ్మా, టిష్యూ అయితే ఎవరూ తియ్యరు లా," అంది సింగపూర్ యాస పట్టుబడిన నా కూతురు. "బుక్‌తో ఎవరు చోప్ చేస్తారు?"

అప్పుడే వచ్చిన మా వారు, సంగతి వినగానే చొక్కా చేతులు మడిచి చెత్త డబ్బాలో తల పెట్టారు. దేవుడు నాకిచ్చిన భర్త అలాంటివాడు. అటుగా వెళ్తున్న ఆయన మేనేజరు ఆగి, ఏం వెదుకుతున్నావని అడిగాడు. "నా ఆఫీసు కార్డు" అన్నారు మా వారు. కార్డు ఆయన మెడలోనే ఊగుతోంది. మేనేజరు దాన్ని చూసి, తన కార్డు ఒకసారి తడుముకుని వెళ్ళిపోయాడు.

పుస్తకం దొరకలేదు. అప్పటికే పెద్ద డబ్బా కిందికి, అక్కడి నుంచి లారీలోకి వెళ్ళిపోయింది.

రాజమండ్రిలో ఒక పాత పుస్తకాల కొట్టుకు ఫోన్ చేశాను.

"నవల పేరు చెప్పండమ్మా."

"పేరు తెలియదండీ."

"రాసినవారు?"

"అదీ తెలియదు. ఒకమ్మాయి ఉత్తరం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది."

"అమ్మా, మా కొట్లో సగం నవలల్లో అదే పనండి."

ఆంటీకి నిజం చెప్పేద్దామని రెండుసార్లు ఫోన్ తీశాను. రెండుసార్లూ ఆ గుమ్మంలోని పిల్ల గుర్తొచ్చి పెట్టేశాను. అప్పుడు సాతాను నా నోట్సు పుస్తకం తెరిచాడు. ఆ శతాబ్దంలో ఒక నవలకు పేరొస్తే, దానికి ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు కొనసాగింపు రాసి అచ్చువేసుకోవడం ఉండేదని నేనే రాసుకున్నాను. కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను.

ఐదు రోజులు కూర్చుని మూడో భాగం నేనే రాశాను. మొదటి రోజే ఉత్తరం విప్పించాను. కాని నా చేతికి అలవాటైన ముగింపు ఒక్కటే, ప్రభువు మనసెలా మార్చాడో చర్చిలో చెప్పుకునే సాక్ష్యం. మూడో రోజుకు నాయిక అత్తగారు ఒక్క ప్రార్థనతో మారుమనస్సు పొందింది. నాలుగో రోజుకు పక్కింటి తాగుబోతు. ఐదో రోజుకు మార్చడానికి ఊళ్ళో ఎవరూ మిగలక కథ ముగిసింది.

శనివారం ఆంటీ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, పెళ్ళికి వెళ్ళేదానిలా కూర్చున్నారు. అది చూశాక నిజం చెప్పేయాలనిపించింది. అయినా మొదలుపెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నారు. ఉత్తరం విప్పినప్పుడు "అమ్మయ్య" అన్నారు. అత్తగారు మారినప్పుడు ఒక కన్ను తెరిచి మళ్ళీ మూశారు. నేను ఇంకా ముందుకు వెళ్ళాను: పెళ్ళి పందిట్లో భోజనాల బంతి వేశారు, నాయిక అత్తగారి కోసం ఒక విస్తరి ముందు టిష్యూ పాకెట్ పెట్టి, వడ్డనకు వెళ్ళింది...

"ఆగాగు. ఏం పెట్టింది?"

"చేతిరుమాలు ఆంటీ."

"కాదు. టిష్యూ పాకెట్ అన్నావు. రాజమండ్రిలో, నా పెళ్ళినాటి కథలో, పెళ్ళి బంతిలో చోప్ చేసిందా అమ్మాయ్ ఆ పిల్ల?"

నేను నేల మీద కూలబడి అంతా చెప్పేశాను. సంచీ, జలుబు, తుడిచిన బల్ల, చెత్త డబ్బా, ఎర్ర సిరా గీత. ఆంటీ తల వంచుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడిపించానే అనుకుని దగ్గరికి జరిగితే, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు.

"నాకు అత్త మారినప్పుడే అనుమానం వచ్చిందే! మా అత్తగారు డెబ్బై ఏళ్ళు చర్చిలో ముందు బల్ల మీద కూర్చుంది. ఆవిడే మార్లేదు. ఈవిడ ఒక్క ప్రార్థనకే మారిపోయిందా?"

నవ్వు ఆగాక ఆంటీ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

"అయితే అసలుది ఇక లేదన్నమాట."

"లేదు ఆంటీ. నా వల్లే పోయింది."

ఆమె దిండు కింద చెయ్యి పెట్టి ఆ కానుక కవరు తీసి, వేళ్ళతో అంచులు తడిమారు. "ఆయనకి తెలుసుగా," అన్నారు. "వెళ్ళగానే ముందు ప్రభువుని చూస్తాను. తరవాత ఈయన్ని పట్టుకుని కూర్చోబెడతాను. నలభై ఏళ్ళ సంజాయిషీ ఉంది, కథ మొత్తం చెప్పి తీరాలి. అప్పటిదాకా నీదే చదువు. కానీ ఆ అత్తని మళ్ళీ రాయి. అంత తేలిగ్గా మారిపోతే అందులో దేవుడికి పనేముంది?"

అని, ఆ కవరు నా చేతికిచ్చి, ఆపిన పేజీలో పెట్టమన్నారు.

అలా మూడో భాగాన్ని ఏడాదిపాటు ఆంటీ తిడుతూ నేను దిద్దుతూ రాశాం. స్త్రీల కూడికలో ఆ ఇద్దరి ముందూ ఒప్పుకున్నాను. బూన్ లే అక్క తాగుబోతును కాస్త తాగనివ్వమంది. చెల్లి పదకొండు తప్పుల జాబితా పంపింది, మొదటిది టిష్యూ పాకెట్. అట్ట మీద ఎవరి పేరు రాయాలని ఆంటీని అడిగాను.

"'ఒక స్త్రీ' అని రాయి. మొదటి రెండు భాగాలు రాసినావిడకి మాత్రం పేరుందా? ఇద్దరూ సమానమే."

అత్తగారు ఇంకా పూర్తిగా మారకముందే, ఒక ఉదయం ఆంటీ నిద్రలోనే ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. అసలు ముగింపు ఈపాటికి విని ఉంటారు. నా దానితో పోల్చి అంకుల్ దగ్గర నవ్వి కూడా ఉంటారు. కానుక కవరు ఇప్పటికీ నా దగ్గర ఆపిన పేజీలోనే ఉంది.

ఇంతవరకూ చదివినవారు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతో కలిసి ప్రార్థించండి. పేరు పెట్టుకోకుండా రాసి వెళ్ళిపోయిన ఆ తల్లి కోసం, ఆమెలాంటి తల్లులందరి కోసం. తన పని తాను శుభ్రంగా చేసిన ఆ బల్లలు తుడిచే పెద్దావిడ కోసం. విప్పని ఉత్తరం చేత్తో పట్టుకుని ఎక్కడెక్కడో గుమ్మాల్లో నిలబడి ఉన్నవాళ్ళ కోసం. ప్రభువా, తొందరపడి నీ పని నేనే ముగించకుండా నా చెయ్యి పట్టుకో. ఆ అత్తగారిని మార్చడం నీకే వదిలేస్తున్నాను. ఆమేన్ అనండి.