బాబాయి వాయించని పాట

“చెవికి మిషను పెట్టుకుంటే మీ పరువేం పోతుంది?”

“పరువు కాదే, పని పోతుంది. దాంతో స్టూడియో గుమ్మంలో అడుగుపెట్టానంటే నా కుర్చీ ఇంకొకడికి వేస్తారు.”

“ముప్పై ఏళ్ళు వాయించారు, చాలు. ఇకనైనా నా మాట వినండి.”

“ఇంకా స్పష్టంగా వినబడేది నీ మాట ఒక్కటే. అదే నా ఖర్మ.”

పిన్ని నవ్వలేదు. కాలేజీ మానేసి వాళ్ళింట్లో పడి తింటున్నవాణ్ణి, పక్కగదిలోంచి అంతా విన్నాను.

బాబాయి స్టూడియోలో జాజ్ పాటలకు డబుల్ బేస్ వాయిస్తాడు. అది మనిషికన్నా ఎత్తుంటుంది. చూపుకి పెద్ద వయొలిన్, గొంతు మాత్రం పాతాళంలోంచి వస్తుంది. ఇన్నేళ్ళలో ఏ రికార్డు అట్టమీదా ఆయన ఫొటో లేదు. అడిగితే, “పునాదిరాయికి ఎవడైనా సున్నం వేస్తాడా?” అంటాడు.

రెండేళ్ళుగా వినికిడి తగ్గింది. వాయిద్యం మెడకు దవడ ఆనించి, ఎముకతో వింటూ నెట్టుకొచ్చాడు. చూసినవాళ్ళు తన్మయత్వం అనుకున్నారు.

పోయిన నెల రికార్డింగ్ అయ్యాక అందరూ భుజం తట్టి పంపారు. నిన్న ఆ పాట ఇంటికొచ్చింది. బాబాయి స్పీకరు మీద అరచెయ్యి ఆనించి విన్నాడు. సగంలో చెయ్యి తీసేశాడు.

“ఇది నేను కాదు. కిందికి దిగేచోట నా చిటికెనవేలు వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. వీడిది సరిగ్గా పడింది.”

ఆయన వెళ్ళాక ఇంకొకరిచేత వాయించి అతికించారు. ఒక్కడూ నోరు విప్పలేదు. గౌరవమట.

“గౌరవం కాదు బాబాయ్, పిరికితనం. శ్రుతి తప్పుతున్నావని ముఖం మీద చెప్పుంటే నువ్వే మానేసేవాడివి,” అన్నాను. పిన్ని నన్ను కళ్ళతోనే కొట్టింది.

ఇవాళ ఆ చెవిమిషను గొడవ అయ్యాక ఆయన నా గదిలోకి వచ్చి, మంచం అంచున కూర్చున్నాడు. తీగలు నొక్కి వేళ్ళకు కాసిన కాయల్ని గోటితో గిల్లుకున్నాడు.

“ఎల్లుండి రికార్డింగ్ ఉంది. నాతో రా. ఎదురుగా కూర్చో.”

“నాకు సంగీతం ఏం తెలుసు?”

“తప్పు వినడానికి సంగీతం రానక్కర్లేదు. చెప్పడానికి మొహమాటం లేకపోతే చాలు. నీకు పుట్టుకతోనే ఆ జబ్బు లేదు. నేను శ్రుతి తప్పితే దగ్గకు, పాటలో పడుతుంది. కళ్ళు మూసుకో. నేనే లేచి వాయిద్యం సర్దుకుని వచ్చేస్తాను. జాలిపడి మాత్రం తెరిచి ఉంచకురా.”