ఒక గింజ మిగిలేది

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆదోనిలో మా ఇంటి వసారాలో కూర్చుని బుడ్డలు ఒలుస్తున్నాను. బుడ్డలంటే వేరుశనగలే, మా వైపు మాట. సెలవుకని వచ్చిన మనవరాలు, నా కూతురి కూతురు, వంటింట్లోంచి నాలుగు స్టీలు గిన్నెలు తెచ్చి నా ముందు వరుసగా పెట్టింది. ఇరవై ఐదు గింజలు ఏరి నా ఒళ్లో పోసి, "జేజీ, ఇవన్నీ ఈ నాలుగు గిన్నెల్లో పెట్టాల. ఏ గిన్నెలో చూసినా బేసే ఉండాల. ఒక్కటి గూడా మిగలగూడదు" అంది. తాను ముందుగా ఒక గింజ వేసి చూపించింది. ఆ చిన్న చప్పుడుకే నా చేతులు ఆగిపోయాయి. ఆ లెక్క నాకు కొత్తది కాదు. నలభై మూడేళ్లుగా నాతోనే కాపురం ఉంటోంది.

మా పుట్టింటివాళ్లది ఎమ్మిగనూరులో నేతపని. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో నాకు ఒక కాలు సన్నబడింది. బడి దూరం, అందుకని నేను బడి గడప తొక్కలేదు. నాన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే నాకు అక్షరాలు చెప్పాడు. నాకంటే ఆరేళ్లు పెద్దదైన అక్క ఎక్కాలు చెప్పింది. పలక చేతికి రాకముందే నాకు పోగులు లెక్కపెట్టడం వచ్చు. ఆ కాలును ఇచ్చిన స్వామే అలాంటి ఇద్దరు గురువులనూ ఇంట్లోనే కూర్చోబెట్టాడని నేటికీ ఆయనకు దండం పెట్టుకుంటాను. దీపం పెట్టగానే నాన్న మగ్గం దిగేవాడు. పక్కిళ్లలో రేడియో మోగుతుంటే మా ఇంట్లో లెక్కలు మొదలయ్యేవి. పులినీ మేకనూ గడ్డిమోపునూ ఒకే పడవలో తుంగభద్ర దాటించాలి, పడవలో ఒక్కదానికే చోటు. అందరం తలలు పట్టుకుంటే అమ్మ పొయ్యి దగ్గర నుంచే, "పులిని పడవెక్కించుకునే మొగోనికి మేక మీద దిగులేంది?" అనేది. నాన్న నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేవాడు.

ఆ ఆటకు మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. లెక్క వేసినవాళ్లు తెగిన పోగొకటి తీసుకుని ముడి వేసి మగ్గం గుంజకు తగిలించాలి. జవాబు దొరికినవాళ్లు దాన్ని పైకి అనకూడదు, మిగతావాళ్ల ఆలోచన చెడిపోతుంది. లెక్క వేసినవాళ్ల చెవిలో చెప్పాలి. వాళ్లు తల ఊపితేనే ముడి విప్పాలి. ఎన్ని రోజులైనా సరే, వేసినవాళ్లు మాత్రం జవాబు చెప్పరు. ఒక్కోసారి గుంజకు నాలుగైదు ముడులు వేలాడుతుండేవి. బట్టలు కొనడానికి వచ్చినవాళ్లు అవేవో మొక్కుబడి దారాలనుకుని దండం పెట్టిపోయిన సంగతి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా అక్క మంచాన పడింది. జ్వరం తగ్గేది, మళ్లీ వచ్చేది. మంచం మీద నుంచే చింతగింజలతో ఈ లెక్క వేసి, పోగుకు తానే ముడి వేసి నా చేత గుంజకు కట్టించింది. తొమ్మిది రోజులు కొట్టుకున్నాను. ఏడు, ఏడు, ఏడు పెడితే నాలుగు. తొమ్మిది, ఐదు, ఐదు పెడితే ఆరు. చివరి గిన్నెలో బేసి ఉంచితే ఒక గింజ నా చేతిలో మిగిలేది. పొద్దున లేవగానే అక్క, "ఏమే పాపా, ఇంగా యాలాడతాండాదా?" అని అడిగేది.

పదో రోజు కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని వాకిట్లోకి జీపు వచ్చింది. అమ్మ గుంజ వైపు చూసి, "పొయ్యేటప్పుడు ఇంట్లో ముడి ఉండగూడదు. ఎవరన్నా ఇప్పండి" అంది. మిగిలినవాటిని నాన్న విప్పేశాడు. అక్క వేసినదాన్ని నేను విప్పి ఆమె దగ్గరికి పట్టుకుపోయాను. అమ్మ మాట సాకు మాత్రమే. ఓడిపోయానని అనిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

"ఇప్పినానక్కా."

అక్క తల తిప్పి చెవి నా వైపు పెట్టింది. ఆ చెవి కాలిపోతోంది. చెప్పడానికి నా దగ్గర అంకెలు లేవు. "గింజలన్నీ సరిపోయినాయి. నువ్వొచ్చినాక సెప్తా" అన్నాను.

"అన్నీ సరిపోయినాయా?"

"ఊఁ."

"ఒకటి గూడా మిగల్లేదా?"

"లేదు."

అక్క నన్ను కాసేపు చూసింది. తల ఊపలేదు. "ఆ పోగు నాకియ్యి" అని తీసుకుని వేలికి చుట్టుకుంది. నాన్న ఆమెను ఎత్తుకుని జీపులో పడుకోబెట్టాడు.

అక్క తిరిగి రాలేదు. ఆమె చేతిసంచి వచ్చింది. అందులో దువ్వెన, తువ్వాలు, ఆ పోగు. పోగుకు ముడి ఉంది. సంచిలో పడి చిక్కుకుని ఉంటుందనుకున్నాను. పెళ్లై ఆదోనికి వచ్చేటప్పుడు దాన్ని నా కుంకుమ డబ్బీలో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఆ లెక్క వేశానో చెప్పలేను. మిగిలిన గింజను స్వామి పటం ముందు పెట్టేదాన్ని. అక్క వేసిన లెక్కకు జవాబు ఉండకపోవడమనేది నా ఊహకే రాలేదు. లోపం నాదేననుకున్నాను. ఎవరి చెవిలో ఏ చిన్న మాట చెప్పబోయినా ఇప్పటికీ నా పెదవులకు ఆ వేడి తగులుతుంది.

"నాకు రాదు తల్లీ, నువ్వే చెప్పు" అన్నాను మనవరాలితో.

అది పెద్ద పంతులమ్మలాగా గిన్నెలను రెండేసి జతచేసింది. "బేసికి బేసి కలిపితే సరే గదా జేజీ. ఈ రెండూ కలిపితే సరి. ఆ రెండూ కలిపితే సరి. సరికి సరి కలిపితే ఇరవై ఐదు యాడొస్తాది? ఎన్నేండ్లు పెట్టినా కుదరదు. కుదరదనేదే జవాబు."

అంతే. అంత చిన్నది. అన్నీ సరిపోయాయని నేను అన్న క్షణంలోనే అక్కకు నా అబద్ధం తెలిసిపోయింది. అందుకే మళ్లీ అడిగింది. రెండోసారి కూడా నేను అదే అబద్ధం ఆడితే, అమ్మానాన్నల ముందు నన్ను పట్టివ్వలేదు. అంత జ్వరంలోనూ నా పరువు కాపాడింది. ఆసుపత్రి మంచం మీద, ఓపిక ఉన్న ఏ పూటనో, ఆ పోగుకు మళ్లీ ముడి వేసింది. లేచి వచ్చాక నేను సరిగా విప్పాలని.

డబ్బీ తీశాను. పోగు కుంకుమకు ఎర్రబడింది, ముడి గింజలా బిగుసుకుపోయింది. "ఇట్లియ్యి జేజీ, నా గోరుతో ఇప్పుతా" అని మనవరాలు చేయి చాపింది. వద్దన్నాను. దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, "కుదరదక్కా" అని గుసగుసగా చెప్పాను. పెదవులకు చల్లగా తగిలింది. మా ఇంటి పద్ధతి ప్రకారం ఇంకొక్కటి జరగాలి కదా అని కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత ముడి విప్పకుండానే పోగును డబ్బీలో పెట్టేశాను. ఆలస్యంగా చెప్పిన జవాబును కాలం వింటుందేమో గానీ, తల మాత్రం ఊపదు.